వారం వారం భయం: క్షుద్ర సీరియళ్లు, వాటిని కుట్టి దాచిన ఇళ్లు

వారపత్రిక ఇంట్లోకి రాగానే కొందరు ముందుగా నడిమి పేజీ తెరిచి పిన్నులు చూసేవారు. రెండు పిన్నులూ సరిగ్గా మడత మీదే పడ్డాయా, లేక పక్కకు జరిగి అక్షరాల మీద పడ్డాయా అని. వాళ్లు చదివి ఊరుకునే రకం కాదు, చదివింది కుట్టి దాచుకునే రకం. సీరియల్ మొదలైన వారం నుంచి చివర ‘సమాప్తం’ అన్న మాట అచ్చయ్యే వారం దాకా ప్రతి సంచికనూ కాపాడి, ఆ పేజీలు మాత్రం తీసి, అట్ట వేసి బైండు చేసుకునేవారు. 1980లలో తెలుగు ఇళ్లలో ఇలా కుట్టిన పుస్తకాలు లెక్కలేనన్ని. వాటిలో ఎక్కువగా చేతులు మారి, అంచులు నలిగి, చివరి పేజీలు ఊడిపోయినవి క్షుద్ర నవలలే.

అంతకుముందు మనకు దయ్యాలు, మాంత్రికులు లేరని కాదు. 1947 జులైలో మొదలైన చందమామలో బేతాళుడు ఏళ్ల తరబడి శవంలోంచి కథలు చెబుతూనే ఉన్నాడు. జానపద నవలల్లో మాంత్రికుడి ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉండేది. కాని వాళ్లందరూ ‘అనగనగా’ అనే ఊళ్లో కాపురం ఉన్నవాళ్లు. పుస్తకం మూసేస్తే అక్కడే ఉండిపోయేవారు. క్షుద్ర నవల ఆ దూరాన్ని తీసేసింది. చేతబడి వచ్చి హైదరాబాదులో ఒక మధ్యతరగతి ఇంటి వరండాలో నిలబడింది. ఆ ఇంట్లో ఫ్రిజ్ ఉంది, స్కూటర్ ఉంది, పాపకు కాన్వెంటు యూనిఫారం ఉంది, నాన్నకు ఆఫీసులో ప్రమోషన్ గొడవ ఉంది. మర్రిచెట్టు ఊడల కింద కనిపించాల్సినది ట్యూబ్‌లైటు వెలుగులో కనిపించింది. తెలుగు పాఠకుడికి అది కొత్త భయం. మనిషి లోకంలోకి దిగి వచ్చే మానవాతీత శక్తిని మన సినిమా ఎక్కువగా నవ్వుల కోసం వాడుకుంది. యముడు భూలోకంలో ట్రాఫిక్‌లో చిక్కుకుంటాడు, చిత్రగుప్తుడి లెక్క తప్పుతుంది. నవల మాత్రం అదే శక్తిని పట్టుకుని పక్క గదిలో పడుకోబెట్టింది.

ఈ దారిని రాచబాట చేసిన నవల పేరు చెప్పకుండా ఈ మాటలు ముందుకు సాగవు. ఆంధ్రభూమి వారపత్రికలో, సికరాజు సంపాదకుడిగా ఉన్న కాలంలో, యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ సీరియల్‌గా వచ్చింది. రచయిత చదువు రీత్యా చార్టర్డ్ అకౌంటెంటు. ఈ సంగతిని మామూలుగా పరిచయ వాక్యంగా చెప్పి వదిలేస్తారు కాని, నా దృష్టిలో ఆ నవల పనితనానికి తాళంచెవి అక్కడే ఉంది. అందులో భయానికి లెక్క ఉంటుంది. ఎవరికి ఎంత డబ్బు వస్తుంది, ఏ షరతు మీద వస్తుంది, ఆ షరతు తప్పితే ఎవరికి చేరుతుంది, చేతబడి ప్రయోగం ఎన్ని రోజుల్లో ముగుస్తుంది, ఇవాళ్టికి ఎన్ని రోజులు మిగిలాయి. పద్దు పుస్తకంలా అన్నీ కనిపిస్తూనే ఉంటాయి. అలా కనిపిస్తున్నందువల్లే పాఠకుడు తప్పించుకోలేడు.

ఆ తరహా నవల నిలబడడానికి నాలుగు సంగతులు గట్టిగా ఉండాలి. మొదటిది కారణం. దయ్యం ఊరికే వచ్చి పట్టకూడదు, ఎవరో ఒకరు డబ్బిచ్చి పంపాలి. ఆస్తి, వీలునామా, దాయాదుల పగ, ఏదో ఒకటి. రెండోది గడువు. ఇరవై ఒక్క రోజులు, అమావాస్య నుంచి అమావాస్య దాకా, పాపకు పదేళ్లు నిండేలోపు, ఇలా వేళ్ల మీద లెక్కపెట్టగలిగేది. మూడోది సామగ్రి. నిమ్మకాయ, పసుపు, కుంకుమ, మైనంతోనో పిండితోనో చేసిన బొమ్మ, గుచ్చే సూదులు, బాధితుడి వెంట్రుక లేదా గోరు. ఇవన్నీ వంటింట్లోనో పూజగదిలోనో దొరికేవే కావడం ముఖ్యం. ఆ వారం సంచిక చదివిన ఇంట్లో తలంటుకున్నాక దువ్వెనలో మిగిలిన వెంట్రుకలను ఉండచుట్టి జాగ్రత్తగా పారేసేవారు. నాలుగోది పరిమితి. మాంత్రికుడికి చేతకానిది ఒకటి ఉండాలి. ఏటి నీళ్లు దాటలేడు, ప్రయోగం మధ్యలో మాట్లాడకూడదు, నియమం తప్పితే అది తన మీదికే తిరిగి వస్తుంది. ఈ నాలుగో సంగతి లేకపోతే కథకు చివర ఉండదు.

తర్వాత వెల్లువలా వచ్చిన అనుకరణలు చాలామటుకు ఇక్కడే దెబ్బతిన్నాయి. మొదటి నాలుగు వారాల్లోనే మాంత్రికుడు గాలిలో ఎగిరి, గోడలోంచి వచ్చి, రైలును ఆపేస్తే, ఇరవయ్యో వారంలో చూపించడానికి ఏమీ మిగలదు. గడువు చెప్పకుండా భయపెట్టాలని చూస్తే పాఠకుడు ఆరో వారానికే పక్క సీరియల్‌కు మళ్లుతాడు. దుష్ట మాంత్రికుడి మీదికి ఇంకో మంచి మాంత్రికుణ్ని తెచ్చి గెలిపిస్తే అది మళ్లీ జానపద నవల అయిపోతుంది, హైదరాబాదు చిరునామా ఉండీ ప్రయోజనం లేదు. అన్నిటికన్నా పెద్ద తప్పు ఆఖరి పది పేజీల్లో ఒక ప్రొఫెసర్ వచ్చి అంతా హిప్నాటిజమేనని ఉపన్యాసం ఇవ్వడం. మంచి నవలలో డాక్టరు, మాంత్రికుడు మొదటి నుంచీ పక్కపక్కనే నడుస్తారు. చేతబడి ప్రయోగానికి గురైన పాపకు జ్వరం వస్తుంది. డాక్టరు చెప్పే కారణం సరిపోతుంది, మాంత్రికుడి లెక్కా సరిపోతుంది. చివరికి పాప బతికితే ఎవరి వల్ల బతికిందో పాఠకుడే తేల్చుకోవాలి. ఆ తేలని తనం కోసమే నవలను రెండోసారి చదివేవారు.

టెలిఫోను ఆ కథల్లో ఎంత పని చేసిందో ఇప్పటివాళ్లకు ఊహకు అందదు. ఊరి నుంచి ఊరికి మాట్లాడాలంటే ట్రంక్ కాల్ బుక్ చేసి కూచోవాలి. ఆర్డినరీ, అర్జెంట్, లైట్నింగ్ అని మూడు తరగతులు. లైట్నింగ్ కాల్‌కు మామూలు రేటుకు ఎనిమిది రెట్లు పడేది. అంత పోసినా లైను కలవకపోవచ్చు, కలిసినా గరగరలో సగం మాటలు వినిపించకపోవచ్చు. ‘పాపను ఆ గదిలో పడుకోబెట్టకండి’ అన్న ఒక్క వాక్యం చేరడానికి రెండు వారాల సీరియల్ నడిచేది. అది సాగదీత అనిపించేది కాదు, ఎందుకంటే చదివేవాడు కూడా జీవితంలో అలాగే ఎదురుచూశాడు. కరెంటు పోవడం, ఆఖరి సిటీబస్సు వెళ్లిపోవడం, బేగంపేట విమానాశ్రయంలో ఫ్లైటు ఆలస్యం, రాత్రివేళ ఆటో దొరకని బంజారాహిల్స్ మలుపు, అన్నీ కథకు అక్కరకొచ్చాయి. జేబులో సెల్‌ఫోను వచ్చాక ఈ తరహా కథ రాయడం నిజంగానే కష్టమైంది. సిగ్నల్ లేదని ఒకసారి అనొచ్చు, రెండోసారి అంటే నమ్మరు.

మాటల విషయంలో ఆ రచయితలు కొంత జాగ్రత్తగా ఉండేవారు, కొంత ఉండేవారు కాదు. చేతబడి అందరికీ తెలిసిన మాట. బాణామతి అనగానే తెలంగాణ పల్లెలు, ముఖ్యంగా మెదక్ వైపు, గుర్తొస్తాయి. చిల్లంగి కోస్తా మాట. మూడింటినీ ఒకే పేరాలో కలిపేస్తే ఆ ప్రాంతాల పాఠకుడికి వెంటనే తప్పు తెలిసిపోతుంది. మంత్రగాడు ఎక్కడి నుంచి వచ్చాడన్న దానికి రెండు తయారు జవాబులుండేవి: మలయాళ దేశం, లేదా ఒరిస్సా సరిహద్దు అడవులు. ఇందులో రెండోది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. కొండల్లో పోడు చేసుకుని బతికే గిరిజనులను నగర పాఠకుడి భయానికి ముడిసరుకుగా వాడుకున్నారు. నిజానికి బాణామతి అనుమానంతో పళ్లూడగొట్టించుకున్నవాళ్లు, చావుదెబ్బలు తిన్నవాళ్లు, ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు మన పల్లెల్లో ఎందరో. ఈ నవలలు మూఢనమ్మకానికి ఎరువు వేస్తున్నాయని ఆనాడే గట్టి విమర్శ వచ్చింది. రంగనాయకమ్మ అయితే ఏకంగా పుస్తకమే రాశారు. ఆ విమర్శలో న్యాయం ఉంది. నవలను ఇష్టంగా తలుచుకుంటూనే ఆ మాట ఒప్పుకోవాలి. రెండూ ఒకే మనసులో ఉండగలవు.

ఇక వారం సంగతి. పుస్తకంగా చదివినవాళ్లకూ వారం వారం చదివినవాళ్లకూ దక్కిన నవల ఒకటి కాదు. సీరియల్‌లో ఒక్కో వారానికి నాలుగు నుంచి ఆరు పేజీలు. అందులో శీర్షికకు, బొమ్మకు, ‘ఇంతవరకు జరిగిన కథ’కు ఒక పేజీ దాకా పోతుంది. మిగిలిన చోటులోనే కథ కొంత నడవాలి, చివర ఆగాలి. ఆగడం ఒక విద్య. తలుపు తెరుచుకుంది అని ఆపితే అది సులువు ఆపుడు, వచ్చే వారం పిల్లి కనిపిస్తే పాఠకుడు మోసపోయానని అనుకుంటాడు. తలుపు తెరిచిన మనిషి లోపల చూసినదాన్ని ఒక్క వస్తువుగా చెప్పి ఆపితే అది గట్టి ఆపుడు: మంచం మీద పాప లేదు, పాప ఆకారంలో నొక్కుకుపోయిన దిండు ఉంది. వారమంతా ఆ దిండు ఇంట్లో తిరుగుతుంది.

ఇంకో చిత్రం కాలం లెక్కలో ఉంది. కథలో గడువు ఇరవై ఒక్క రోజులైతే, ఒక్కో వారం సంచికలో ఒక్కోసారి కథాకాలం ఒక్క పూట మాత్రమే గడిచేది. పాప మూడు వారాలు భయపడితే పాఠకుడు ఆరునెలలు భయపడేవాడు. మధ్యలో సంక్రాంతి వచ్చేది, పరీక్షలొచ్చేవి, ఇంట్లో పెళ్లి జరిగేది, పాప ఇంకా పద్నాలుగో రోజు దగ్గరే ఉండేది. పుస్తకంగా రెండు రాత్రుల్లో చదివేస్తే ఈ అనుభవం దొరకదు. కుట్టుకున్న బైండింగులో మాత్రం దాని జాడ మిగిలి ఉంటుంది, ప్రతి నాలుగు పేజీలకూ ఒక బొమ్మ, ఒక ‘సశేషం’.

అందుకే బైండింగు గురించి కొంచెం వివరంగా చెప్పాలి.

వారపత్రికను నడుమ మడిచి పిన్ను కొడతారు. అంటే ప్రతి కాగితానికీ రెండు రెక్కలుంటాయి, ఒకటి ముందు సగంలో, ఒకటి వెనక సగంలో. అట్ట లెక్కలోకి తీసుకోకుండా 64 పేజీల పత్రిక అనుకుందాం. 9వ పేజీ, 56వ పేజీ ఒకే కాగితం మీద పక్కపక్కన ఉంటాయి. ఏ పేజీ ఏ పేజీతో అంటుకుని ఉందో తెలియాలంటే 65లోంచి తీసేస్తే సరి. సీరియల్ 9 నుంచి 12 దాకా ఉంటే, వాటిని చింపినప్పుడు 53 నుంచి 56 దాకా కూడా ఊడిపోతాయి. ఇంట్లో ఇంకొకరు ఆ పేజీల్లోని సీరియల్‌ను కుడుతుంటే గొడవ తప్పదు. దానికి మందు చింపకపోవడమే. పిన్నులను నడిమి పేజీ వైపు నుంచి చాకు మొనతో పైకి లేపి, నిటారుగా చేసి, వెనక నుంచి లాగాలి. కాగితాలు విడివడ్డాక మడత మీద కాకుండా, మడతకు అవతలి పక్క అరంగుళం వదిలి స్కేలు పెట్టి కత్తిరించాలి. మన పేజీకి ఆ అరంగుళం ‘చెవి’లా మిగులుతుంది. కుట్టు ఆ చెవి మీద పడుతుంది, అక్షరాలు తప్పించుకుంటాయి. అవతలి పేజీ లోపలి మార్జిను కొంచెం తగ్గుతుంది. అందుకే అక్కడ ఎవరికీ అక్కర్లేని ప్రకటన ఉంటే హాయి, ఇంకో సీరియల్ ఉంటే చెవిని పావు అంగుళానికి తగ్గించుకోవాలి.

రెండో చిక్కు ఇంకా మొండిది. ఒక సీరియల్ కుడిచేతి పేజీలో ముగిసి, దాని వెనకనే ఇంకో సీరియల్ మొదలైతే ఆ కాగితం ఎవరిది? రెండు సీరియళ్లూ కుట్టే ఇంట్లో దీనికి మంచి జవాబు లేదు. పక్కింటివాళ్ల కాపీ అడిగి తెచ్చుకోవడం ఒక దారి. ఒక పేజీని చేత్తో రాసి పెట్టుకోవడం ఇంకో దారి. పాత బైండింగుల్లో మధ్యలో గుండ్రటి దస్తూరీతో, రూళ్ల కాగితం మీద, నీలి సిరాతో రాసిన పేజీ కనిపిస్తే కారణం ఇదే. ఇక ‘మిగతా 47వ పేజీలో’ అన్నది మూడో బాధ. చివరి పావు కాలమ్ ఎక్కడో వెనక, జోతిష్యం పక్కన ఉంటుంది. దాన్ని మర్చిపోతే ఆ వారం గట్టి ఆపుడు పోయినట్టే. ఆ ముక్కను కత్తిరించి, అంచుకు మాత్రం గంజి రాసి, ముందు పేజీకి అంటించేవారు. ముక్కంతా గంజి రాస్తే న్యూస్‌ప్రింట్ ముడతలు పడుతుంది.

పేజీలు తీసిన వెంటనే ప్రతి చెవి మీద సంచిక తేదీని పెన్సిలుతో రాయడం తెలిసినవాళ్ల అలవాటు. ముప్పై వారాల పేజీలు గాలికి చెదిరితే, పేజీ నంబర్లను బట్టి వరుస తేలదు, ఎందుకంటే ప్రతి వారం నంబర్లు మళ్లీ మొదటికి వస్తాయి. బాల్‌పెన్ను సిరా ఏళ్లు గడిస్తే పక్క పేజీకి దిగుతుంది, పెన్సిలు దిగదు.

వారానికి ఐదు పేజీల చొప్పున ముప్పై వారాలంటే 150 పేజీల కథ. కాని ఒక్కో వారానికి మూడు కాగితాలు పడతాయి కాబట్టి 90 కాగితాలు. ఇది కుట్టడానికి మంచి మందం. 150 కాగితాలు దాటితే రెండు భాగాలు చేయడం మేలు. లేకపోతే పుస్తకం తెరుచుకోదు, బలవంతంగా తెరిస్తే నడుమ కాగితాలు కుట్టు దగ్గర చిరుగుతాయి.

అన్నిటినీ వరసపెట్టి, వెన్ను వైపూ కింది వైపూ బల్ల మీద తట్టి సమం చేయాలి. పై అంచు, ముందు అంచు ఎగుడుదిగుడుగా ఉన్నా ఫరవాలేదు, తర్వాత ప్రెస్సులో కటింగ్ మిషన్ మీద కోయించుకోవచ్చు. సన్నికల్లు కిందో, బట్టల ట్రంకు కిందో ఒక రాత్రి ఉంచితే పిన్నుల మడతలు అణిగిపోతాయి. ఆ తర్వాత వెన్ను నుంచి సెంటీమీటరు లోపలికి ఐదు చుక్కలు పెట్టి, కింద చెక్కముక్క వేసి, దబ్బనంతో లేదా సన్న మేకుతో బెజ్జాలు వేయాలి. పైన, కింద చివరి బెజ్జాలు అంచు నుంచి అంగుళం లోపలికి ఉండాలి, అంచుకు మరీ దగ్గరైతే అక్కడే మొదట చిరుగుతుంది. దారం పుస్తకం ఎత్తుకు నాలుగింతలు కావాలి. కొవ్వొత్తి మీద రెండుసార్లు లాగితే జారుగా దిగుతుంది, పీచు లేవదు. నడిమి బెజ్జంలో మొదలుపెట్టి, మూడంగుళాల తోక వదిలి, పైకి ఒక్కో బెజ్జంలో లోపలికి బయటికి కుట్టుకుంటూ వెళ్లి, తిరిగి వస్తూ ఖాళీలు నింపి, కిందికీ అలాగే వెళ్లి వచ్చి, నడుమ తోకతో ముడి వేయాలి. చాలామంది చేసే పొరపాటు దారాన్ని కసిగా బిగించడం. న్యూస్‌ప్రింట్ మెత్తటిది, బిగిస్తే దారం రంపంలా కోస్తుంది.

గంజి ఇంట్లోనే చేసుకునేవారు. ఒక వంతు మైదాకు ఐదు వంతుల నీళ్లు. ముందు చన్నీళ్లలోనే ఉండల్లేకుండా కలపాలి, తర్వాత సన్నమంట మీద తిప్పుతూ ఉండాలి. తెల్లదనం పోయి గాజులా మెరుపు రాగానే దించాలి. అంతకన్నా ముందు దించితే అంటుకోదు, ఎండాక పొడిగా రాలుతుంది. పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం కలిపేవారు. అది విషం. గిన్నెను మళ్లీ వంటకు వాడకూడదు, పిల్లలకు అందనివ్వకూడదు. అల్యూమినియం గిన్నెలో కలిపితే గిన్నె తినుకుపోతుంది, అందుకే గంజి చల్లారాక గాజు సీసాలోకి తీసి కర్రపుల్లతో కలపాలి. రెండు మూడు రోజులకు పులుపు వాసన వస్తే పారబోయాల్సిందే.

అట్టకు గట్టి స్ట్రాబోర్డు, వెన్నుకు కాలికో గుడ్డ, పైన రంగుల మార్బుల్ కాగితం. ఇవి స్టేషనరీ కొట్లలో దొరికేవి. గుడ్డ లేకపోతే పాత లుంగీ ముక్క. చెక్కకు నార ఉన్నట్టే అట్టకూ ఉంటుంది. అట్టను రెండు వైపులా మెల్లగా వంచి చూస్తే ఒక వైపు సులువుగా వంగుతుంది. ఆ వంపు గీత వెన్నుకు సమాంతరంగా రావాలి. అడ్డంగా వస్తే ఎండాక అట్ట అప్పడంలా లేస్తుంది, ఎంత బరువు పెట్టినా లొంగదు. అంటించాక ఎండలో పెట్టడం ఇంకో తప్పు. బరువు కింద నీడలో ఒక పగలూ రాత్రీ ఉంటే చాలు.

అద్దె లైబ్రరీల పద్ధతి వేరు. వాళ్లకు అందం అక్కర్లేదు, వంద చేతులు మారినా ఊడకూడదు. అచ్చు పుస్తకం రాగానే అసలు అట్ట పీకి, పైనా కిందా గట్టి అట్టలు పెట్టి, అట్టలతో సహా పురికొసతో కుట్టేసేవారు. అందుకే ఆ పుస్తకాలు సగమే తెరుచుకుంటాయి, లోపలి మాటలను తల వంచి చదవాలి. డిపాజిట్ కట్టాక రోజుకు పావలానో అర్ధరూపాయో అద్దె, కొత్త నవలకు ఎక్కువ. దొంగతనం పట్టుకోవడానికి ముద్ర మొదటి పేజీలోనే కాకుండా లోపల యజమానికి మాత్రమే తెలిసిన ఒక పేజీలో కూడా వేసేవారు. క్షుద్ర నవలలకు ఈ పద్ధతిలో ఒక శాపం ఉంది. కుట్టుకు అందకుండా మొదట ఊడేవి చివరి కాగితాలు, ఆ నవలకు ప్రాణమేమో చివరి కాగితాల్లోనే ఉంటుంది. పాప బతికిందో లేదో తెలియకుండా పుస్తకం వెనక్కి ఇచ్చిన పాఠకులు ఆ రోజుల్లో తక్కువేమీ కాదు. వెనక అట్ట లోపల ఎవరో పెన్సిలుతో ముగింపును మూడు వాక్యాల్లో రాసి పెట్టిన ప్రతులూ కనిపించేవి. అంతకన్నా గొప్ప పరోపకారం పాఠక లోకంలో నాకు తెలీదు.

సీరియల్ పుస్తకంగా వచ్చినప్పుడు పోయేవి కొన్ని ఉన్నాయి. బొమ్మలు దాదాపు అన్నీ పోతాయి. బాలి, చంద్ర, కరుణాకర్ లాంటి చిత్రకారులు ఆ కాలపు వారపత్రికలకు వేసిన బొమ్మలు కథలో సగం. మాంత్రికుడి ముఖం పాఠకుడికి తెలిసింది వాక్యంలోంచి కాదు, బొమ్మలోంచి. వారం వారం ఆపుళ్లు అధ్యాయాల్లో కలిసిపోతాయి. ‘ఇంతవరకు జరిగిన కథ’ తీసేస్తారు, నిజానికి అందులో ఏ సంగతిని గుర్తుచేశారో, దేన్ని కావాలని దాచారో చూస్తే రచయిత ఎత్తుగడ కనిపిస్తుంది. ఉత్తరాల పేజీలో పాఠకులు మాంత్రికుణ్ని ఎవరు పంపారో ఊహిస్తూ రాసిన ఉత్తరాలు కుట్టినవాళ్ల చేతిలోనే పోయాయి, ఎందుకంటే అవి కథ కాదని వదిలేశారు. ఉత్తరాల పేజీని కూడా కలిపి కుట్టినవాళ్లు అరుదు. అలాంటి బైండింగు దొరికితే దాన్ని వదులుకోకండి.

ఇప్పుడు ఆ బైండింగులు హైదరాబాదు ఆబిడ్స్‌లో ఆదివారం పాత పుస్తకాల వరసల్లో, లేదా అమ్మమ్మల ఇళ్ల అటక మీద దొరుకుతున్నాయి. న్యూస్‌ప్రింట్‌లో కలప గుజ్జుతోపాటు కలపలోని లిగ్నిన్ అనే పదార్థం అలాగే ఉండిపోతుంది. వెలుతురు, గాలి తగిలేకొద్దీ కాగితం పసుపెక్కి, తర్వాత గోధుమరంగుకు తిరిగి, మూల వంచితే విరిగిపోతుంది. కాగితం మూల ఒకటి రెండుసార్లు వంచితేనే తునిగితే అది చదవడానికి కాదు, స్కానుకు మాత్రమే పనికొస్తుంది. చిరుగులకు సెల్లోటేపు వేయకండి. కొన్నేళ్లకు ప్లాస్టిక్ ఊడిపోయి జిగురు మాత్రం గోధుమ మరకగా అక్షరాల్లోకి దిగుతుంది, ఇక దాన్ని తీయలేం. పల్చటి టిష్యూ కాగితం సన్నగా చింపి, పల్చటి గంజితో అంటించడం మేలు. పిన్నులు మిగిలి ఉంటే తీసేయండి, తుప్పు చుట్టూ కాగితాన్ని తినేస్తుంది. ప్లాస్టిక్ సంచిలో గాలి ఆడకుండా కట్టేస్తే వానాకాలంలో బూజు పడుతుంది. పాత నూలు గుడ్డలో చుట్టి, అలమరలో పడుకోబెట్టి ఉంచండి, నిలబెడితే బరువుకు కుట్టు జారుతుంది.

స్కాన్ చేసేటప్పుడు పుస్తకాన్ని బల్లపరుపుగా నొక్కొద్దు. తొంభై, వంద డిగ్రీలు తెరిచి, రెండో సగానికి దిండు ఆసరా ఇచ్చి, పైనుంచి ఫొటో తీయడమే క్షేమం. దీపాలు రెండు పక్కలా, ఏటవాలుగా ఉండాలి, ఎదురుగా ఉంటే మెరుపు పడుతుంది. పల్చటి కాగితంలో వెనక పేజీ అక్షరాలు కనిపిస్తుంటే కింద నల్ల కాగితం పెట్టండి, చాలామటుకు తగ్గిపోతుంది. మామూలు పేజీకి 300 డీపీఐ చాలు, బొమ్మలున్న పేజీకి 600 పెట్టండి. కథ ఉన్న వైపే కాకుండా వెనక వైపు కూడా తీయండి, అది సబ్బు ప్రకటన అయినా సరే. ఫొటోను సరిచేసి అంచులు కోసేటప్పుడు మాత్రం ఆ అరంగుళం చెవిని కోయకండి. ఆ సంచిక ఏ వారానిదో చెప్పే పెన్సిలు తేదీ దాని మీదే ఉంటుంది.